డైనో షీట్ మీద 178 గుర్రాలు, కారులో ఎన్ని? ఎర్రమంచి నుంచి ఎపిసోడ్ ట్రాన్స్‌క్రిప్ట్

నా వెనకాల రోడ్డు సౌండ్ వినిపిస్తోంది కదా, అది ఎన్‌హెచ్ 44. అటు పోతే బెంగళూరు, ఇటు పోతే హైదరాబాద్. మనం ఉన్నది ఎర్రమంచి, పెనుకొండ మండలం, శ్రీ సత్యసాయి జిల్లా. రోడ్డు పక్కన కనిపిస్తున్న ఆ పొడవాటి తెల్ల షెడ్లు కియా ఫ్యాక్టరీ. 2019 ఆగస్టులో సెల్టోస్ ఇక్కడి నుంచే మార్కెట్లోకి వచ్చింది. 2023 జూలై నాటికి ఈ ఊరి నుంచి పది లక్షల కార్లు బయటికెళ్ళాయి. మన దగ్గర ఇప్పుడు ఎవరింట్లో చూసినా ఈ ఫ్యాక్టరీలో పనిచేసే బావో తమ్ముడో ఉంటాడు. అందుకే కార్ల గురించి ఇక్కడ జరిగే వాదనలు కూడా వేరే లెవెల్‌లో ఉంటాయి.

ఈ ఎపిసోడ్ అలాంటి ఒక వాదన గురించే. ధర్మవరం నుంచి ఒక తమ్ముడు నాకు ఒక ఫోటో పంపాడు. సెకండ్ హ్యాండ్‌లో ఒక సెల్టోస్ జీటీ లైన్ చూశాడు. 1.4 టర్బో పెట్రోల్, మాన్యువల్ గేర్‌బాక్స్. అమ్మే అతను ఈసీయూ రీమ్యాప్ చేయించాడట. సాక్ష్యంగా ఒక డైనో షీట్ ఇచ్చాడు. దాని మీద పెద్ద అక్షరాల్లో 178 బీహెచ్‌పీ అని ఉంది. కంపెనీ లెక్క 140 పీఎస్. అంటే దాదాపు 40 గుర్రాలు ఎక్కువ, కాబట్టి రేటు కూడా లక్షన్నర ఎక్కువ. తమ్ముడు వాయిస్ మెసేజ్‌లో అడిగింది ఒకటే మాట, "అన్నా, ఆయప్ప లక్షన్నర యెక్కువ అడుగుతాండాడు, ఈ కాగితాన్ని నమ్మొచ్చునా?"

లక్షన్నర అంటే చిన్న మాట కాదు. మగ్గం మీద బతికే ఇంట్లో ఎన్ని చీరలు నేస్తే లక్షన్నర మిగులుతుందో ధర్మవరం వాళ్ళని అడగండి. కాబట్టి ఈ కాగితాన్ని నిదానంగా చదువుదాం.

ముందు గుర్రం సంగతి. మన అనంతపురం వైపు హార్స్‌పవర్ అంటే ఏంటో తెలియని రైతు ఉండడు. బోరు మోటారు కొనేటప్పుడు 5 హెచ్‌పీనా, ఏడున్నరా అనే అడుగుతాం. ఆ 5 హెచ్‌పీ మోటారు ప్లేటు మీద చిన్నగా 3.7 కిలోవాట్ అని కూడా ఉంటుంది, ఈసారి చూడండి. ఒక హార్స్‌పవర్ అంటే దాదాపు 746 వాట్లు. ఈ లెక్క పెట్టింది జేమ్స్ వాట్. తన ఆవిరి యంత్రం ఎన్ని గుర్రాల పని చేస్తుందో కొనేవాళ్ళకి చెప్పాలి కదా, అందుకని పెట్టాడు. ఆయన మన రాయలసీమలో పుట్టి ఉంటే కపిల తోలే ఎద్దులతో లెక్క పెట్టేవాడేమో, మనమంతా ఎద్దుపవర్ అనేవాళ్ళం.

ఇక మన కంపెనీలు బ్రోచర్‌లో వేసే పీఎస్ ఇంకో గుర్రం. 75 కేజీల బరువుని ఒక సెకనులో ఒక మీటరు పైకెత్తితే ఒక పీఎస్. పదిహేను లీటర్ల బిందెలు ఐదు కలిపి కట్టి, బావిలోంచి సెకనుకి మీటరు చొప్పున లాగినట్టు. ఇది 735.5 వాట్లు. అంటే పీఎస్ గుర్రం బీహెచ్‌పీ గుర్రం కంటే ఒక రవ్వ చిన్నది. 140 పీఎస్ అంటే 138 బీహెచ్‌పీ. తమ్ముడి కాగితంలో మొదటి తిరకాసు ఇక్కడే. 140ని, 178ని పక్కపక్కన పెట్టి తీసేస్తున్నాం, కానీ రెండూ ఒకే కొలత కాదు. ఇది రెండు గుర్రాల తేడానే, వదిలేయండి. పెద్దవి ముందున్నాయి.

బీహెచ్‌పీలో ఆ బ్రేక్ అనే మాట ఎందుకొచ్చింది? ఎందుకంటే పవర్‌ని కొలవాలంటే దాన్ని ఆపడానికి ప్రయత్నించాలి. 1821లో ప్రోనీ అనే ఫ్రెంచ్ ఇంజినీరు తిరుగుతున్న ఇరుసుకి బ్రేక్ బిగించి, ఆ బ్రేక్‌ని ఇరుసు ఎంత బలంగా లాక్కుపోతోందో తూచాడు. అదే లాగే బలం, అంటే టార్క్. దాన్ని తిరిగే వేగంతో గుణిస్తే పవర్. బీటెక్ మెకానికల్ చేసినవాళ్ళకి గుర్తుంటుంది, ల్యాబ్‌లో సింగిల్ సిలిండర్ డీజిల్ ఇంజన్, దాని డ్రమ్ము చుట్టూ తాడు, తాడు చివర స్ప్రింగ్ బ్యాలెన్స్. రోప్ బ్రేక్ డైనమోమీటర్. నేను సీఎస్‌ఈ, నా రూమ్మేట్ మెకానికల్. వాడి రికార్డు బుక్కు రాసిపెట్టీ రాసిపెట్టీ నాకు ఆ ఫార్ములా వచ్చేసింది. టార్క్ న్యూటన్ మీటర్లలో, దాన్ని ఆర్‌పీఎంతో గుణించి 9549తో భాగిస్తే కిలోవాట్లు. అంతే. ఈ ఒక్క ఫార్ములా గుర్తుంటే సగం మోసాలు మీ దగ్గర పనిచేయవు.

చూడండి, అదే సెల్టోస్ 1.4 టర్బోకి కంపెనీ చెప్పే టార్క్ 242 న్యూటన్ మీటర్లు, 1500 నుంచి 3200 ఆర్‌పీఎం వరకు. 3200 దగ్గర లెక్కేస్తే 81 కిలోవాట్లు, అంటే 110 పీఎస్. మరి 140 ఎక్కడ వస్తుంది? 6000 ఆర్‌పీఎం దగ్గర. అక్కడ టార్క్ 164కి పడిపోయి ఉంటుంది, కానీ ఇంజన్ వేగంగా తిరుగుతుంది కాబట్టి పవర్ ఎక్కువ. మీరు రోజూ హిందూపురం నుంచి పెనుకొండ పోయేటప్పుడు 6000 దాకా ఎన్నిసార్లు తొక్కుతారు? నేనైతే వేళ్ళ మీద లెక్కపెట్టగలను. అందుకే డైనో షీట్‌లో పైన రాసిన ఒక్క నంబర్ కంటే కింద గీసిన గీత ముఖ్యం. ఆ గీత కింద ఉన్న ఏరియాలోనే మీరు బండి నడుపుతారు.

ఇప్పుడు డైనో దగ్గరికి వద్దాం. కంపెనీ తన ఇంజన్‌ని కారులోంచి బయట పెట్టి, టెస్ట్ బెంచ్ మీద కొలుస్తుంది. మన దేశంలో దానికి ఐఎస్ 14599 అని ఒక ప్రమాణం ఉంది. బ్రోచర్‌లో ఉండేది అలా ఇంజన్ చివర, అంటే ఫ్లైవీల్ దగ్గర కొలిచిన పవర్. ఫ్యాక్టరీ లైన్ చివర ప్రతి కారునీ రోలర్ల మీద తిప్పుతారు కదా, అక్కడ చూసేది బ్రేకులు, గేర్లు, స్పీడోమీటర్ లాంటివి. అక్కడ ఎవరూ హార్స్‌పవర్ సర్టిఫికెట్ ఇవ్వరు. "మా బావ లైన్‌లో పనిచేస్తాడు, అక్కడ 150 చూపించింది" అనే కథలు ఎవరైనా చెప్తే నవ్వేసి టీ తాగండి.

బయట మనకి దొరికేది చాసిస్ డైనో. కారుని అలాగే రోలర్ల మీదకి ఎక్కించి, బెల్టులతో నేలకి కట్టేసి, తొక్కుతారు. ఇందులో ఒక రకం ఇనర్షియా డైనో. కింద పెద్ద ఇనుప డ్రమ్ము ఉంటుంది. దాని బరువెంతో ముందే తెలుసు. మీ చక్రాలు ఆ డ్రమ్ముని ఎంత త్వరగా వేగం పెంచగలిగాయో కంప్యూటర్ చూస్తుంది. ఉదాహరణకి డ్రమ్ము అంచు దగ్గర లెక్క ప్రకారం 1200 కేజీల బరువుకి సమానం అనుకుందాం. దాన్ని గంటకి 100 కిలోమీటర్ల నుంచి 120కి తీసుకెళ్ళడానికి కావాల్సిన శక్తి దాదాపు 204 కిలోజూల్స్. మీ కారు ఆ పని 2.2 సెకన్లలో చేసింది. 204ని 2.2తో భాగిస్తే 92.6 కిలోవాట్లు, అంటే 126 పీఎస్. ఇందులో మ్యాజిక్ ఏమీ లేదు. ఇంటర్ ఫిజిక్స్ అంతే. బరువు, వేగం, స్టాప్‌వాచ్.

రెండో రకం లోడ్ డైనో. ఇందులో రోలర్‌కి ఎడ్డీ కరెంట్ బ్రేక్ ఉంటుంది. అయస్కాంతాలతో రోలర్‌ని ఎంత కావాలంటే అంత గట్టిగా పట్టుకోవచ్చు. కారుని సరిగ్గా 3000 ఆర్‌పీఎం దగ్గర ఫుల్ యాక్సిలరేటర్‌లో ఆపి ఉంచి టార్క్ చూడొచ్చు. ట్యూనింగ్ చేసేవాళ్ళకి ఇదే ఇష్టం, ఎందుకంటే ఎక్కే ఘాట్‌రోడ్డుని గదిలోనే సృష్టించొచ్చు. ఒకే కారు ఈ రెండు రకాల మీద రెండు నంబర్లు ఇస్తుంది. రెండూ అబద్ధం కాదు. రెండు ఊళ్ళ కాటాలు అనుకోండి.

కాటా అంటే గుర్తొచ్చింది. హిందూపురం మార్కెట్‌లో చింతపండు తూచేటప్పుడు గోతంతో సహా తూచి, గోతం బరువు తీసేస్తారు కదా. డైనోలో ఉల్టా. ఇక్కడ తూచేది చక్రాల దగ్గర. ఇంజన్‌లో పుట్టిన పవర్ గేర్‌బాక్స్‌లో, డిఫరెన్షియల్‌లో, టైర్లలో కొంత వేడిగా పోయి, మిగిలింది చక్రానికి వస్తుంది. కాబట్టి ఇంజన్ నంబర్ కావాలంటే ఆ పోయిన దాన్ని తిరిగి కలపాలి. ఎంత కలపాలి? ఇక్కడే ఆపరేటర్ చేతిలో పెన్ను ఉంటుంది. ముందు చక్రాలతో నడిచే మాన్యువల్ కారుకి మామూలుగా 12 నుంచి 15 శాతం పోతుందని ట్యూనర్లు లెక్కేసుకుంటారు. తమ్ముడి షీట్‌లో మూలన చిన్న అక్షరాల్లో 18 శాతం అని ఉంది. జూమ్ చేస్తే గానీ కనపడలేదు.

నిజాయితీగా చేసే పద్ధతి ఇంకోటుంది. రన్ అయిపోయాక క్లచ్ నొక్కి వదిలేస్తారు. డ్రమ్ము తనంతట తాను నెమ్మదించేటప్పుడు ఆ లాగుడుని కొలిచి, అదే నష్టంగా కలుపుతారు. దీన్ని కోస్ట్‌డౌన్ అంటారు. దీనిలోనూ లోపాలున్నాయి, ఎందుకంటే లోడ్ ఉన్నప్పుడు గేర్ల మధ్య రాపిడి వేరు, లోడ్ లేనప్పుడు వేరు. అయినా ఊహించి రాసిన శాతం కంటే నయం. ఇంకో మాట. శాతంగా కలపడంలోనే ఒక చమత్కారం ఉంది. రీమ్యాప్ తర్వాత పవర్ పెరిగితే నష్టం కూడా అదే నిష్పత్తిలో పెరిగిందని ఆ లెక్క అనుకుంటుంది. కానీ గేర్ ఆయిల్ చిక్కదనం, బేరింగుల రాపిడి మీ రీమ్యాప్‌ని చూసి పెరగవు. కాబట్టి పెరుగుదల ఉన్నదానికంటే లావుగా కనిపిస్తుంది.

సరే, ఇప్పుడు అసలైన దానికి వచ్చాం. ఆ షీట్‌లో ఇంకో చిన్న లైన్ ఉంది, "సీఎఫ్ 1.14". కరెక్షన్ ఫ్యాక్టర్. ఈ ఎపిసోడ్‌లో ఒక్కటి గుర్తుపెట్టుకోవాలంటే నేను దీన్నే పెట్టుకోమంటాను.

ఇంజన్ గాలి పీల్చి బతుకుతుంది. గాలి పలచబడితే పవర్ తగ్గుతుంది. సముద్రం పక్కన విశాఖలో ఉన్నంత చిక్కటి గాలి హిందూపురంలో ఉండదు. హిందూపురం సముద్రమట్టానికి దాదాపు 620 మీటర్ల ఎత్తు. బెంగళూరు 900 దాటింది. అందుకని ఎక్కడ కొలిచినా పోల్చుకోవడానికి ఎస్‌ఏఈ జే1349 అనే ప్రమాణం ఉంది. 25 డిగ్రీల వేడి, 990 మిల్లీబార్ల పొడిగాలి పీడనం ఉంటే ఈ ఇంజన్ ఎంత ఇచ్చేదో లెక్కగట్టి చెప్తుంది. నేను ఫార్ములాని రెండు లైన్ల పైథాన్‌లో పెట్టి చూశాను, పాత అలవాటు పోలేదు. మే నెలలో ఎర్రమంచిలో 38 డిగ్రీలు, పొడిగాలి పీడనం 928 మిల్లీబార్లు అనుకుంటే ఫ్యాక్టర్ 1.106 వస్తుంది. అంటే కొలిచిన దానికి పదిన్నర శాతం కలపాలి. బెంగళూరులో 28 డిగ్రీలు, 890 మిల్లీబార్లు అనుకుంటే 1.139. అదే విశాఖలో 30 డిగ్రీలు, 980 ఉంటే 1.022 మాత్రమే.

కాబట్టి 1.14 అనేది దొంగ నంబర్ కాదు. బెంగళూరులో చేసిన రన్‌కి లెక్క ప్రకారం వచ్చే నంబరే. మరి ఇబ్బంది ఏంటి? కారుకి టర్బో ఉంది.

ఈ కరెక్షన్ పుట్టింది మామూలుగా గాలి పీల్చే ఇంజన్ల కోసం. టర్బో ఇంజన్‌లో ఈసీయూ మానిఫోల్డ్ లోపల ఎంత పీడనం కావాలో ముందే నిర్ణయించి, అది వచ్చేదాకా టర్బోని తిప్పుతుంది. బయట గాలి పలచగా ఉంటే టర్బో ఇంకాస్త వేగంగా తిరిగి ఆ లోటుని చాలావరకు పూడ్చేస్తుంది. అంటే బెంగళూరులోనూ ఇంజన్‌కి దాదాపు అంతే గాలి అందింది. పోనిదాన్ని పోయిందని చెప్పి 14 శాతం కలిపితే అది ఉత్తి పుణ్యానికి వచ్చిన పవర్. ఆకలేయనివాడికి నష్టపరిహారంగా భోజనం పెట్టినట్టు. పూర్తిగా సున్నా కూడా కాదు, చెప్పాలి. పై ఆర్‌పీఎంలో చిన్న టర్బో అలసిపోతుంది, కొంత తగ్గుతుంది. కానీ 14 మాత్రం కాదు.

ఇప్పుడు వెనక్కి లెక్కేద్దాం. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీయండి. 178ని 0.82తో గుణించండి, 18 శాతం కలిపింది పోతుంది. 146 వచ్చింది. దాన్ని 1.14తో భాగించండి. 128. ఆ డైనో నిజంగా కళ్ళతో చూసింది ఇదే. చక్రాల దగ్గర 128 గుర్రాలు. మిగతా 50 గుర్రాలు కీబోర్డు మీద పుట్టాయి.

ఆ 128 నుంచి మళ్ళీ ముందుకి, ఈసారి మన చేత్తో. 14 శాతం నష్టం కలిపితే 149. టర్బో అలసటకి ఒక నాలుగు శాతం ఇద్దాం అంటే 155. కంపెనీ నంబర్ 138 బీహెచ్‌పీ. అంటే ఈ రీమ్యాప్ వల్ల పెరిగింది 11 నుంచి 17 మధ్య ఎక్కడో. ఇది కూడా కారు మొదట్లో సరిగ్గా 138 ఇచ్చేది అనుకుంటేనే. రీమ్యాప్‌కి ముందు అదే డైనో మీద, అదే రోజు తీసిన షీట్ ఒకటి ఉంటే ఇంత లెక్కే అక్కర్లేదు. పాత గీత, కొత్త గీత పక్కపక్కన పెట్టి తేడా చూస్తే చాలు. కాటా తప్పైనా తేడా చాలావరకు నిజం చెప్తుంది. "ముందు షీట్ ఉందా?" అని తమ్ముడి చేత అడిగించాను. లేదన్నాడట. ట్యూనర్ ఇవ్వలేదట. ముందు రన్ తీయకుండా రీమ్యాప్ చేసే షాపుకి నేనైతే నా స్కూటీ కూడా ఇవ్వను.

కంపెనీలు మాత్రం ఎప్పుడూ నిజమే చెప్తాయా అని మీరు అడగొచ్చు. మంచి ప్రశ్న. 1999లో అమెరికాలో ఫోర్డ్ మస్టాంగ్ కోబ్రా అనే స్పోర్ట్స్ కారు 320 హార్స్‌పవర్ అని అమ్మారు. కొన్నవాళ్ళు డైనో ఎక్కించి చూస్తే, అంతకుముందు 305 అని అమ్మిన కారుకీ దీనికీ పెద్ద తేడా లేదు. గొడవ పెద్దదై, ఆ ఆగస్టులో ఫోర్డ్ అమ్మకాలు ఆపేసి, కార్లు వెనక్కి పిలిచి, ఇన్‌టేక్ మానిఫోల్డ్, ఎగ్జాస్ట్ మార్చి ఇచ్చింది. మామూలు ఓనర్లు రోలర్ల మీద తీసిన కాగితాలు అంత పెద్ద కంపెనీ మెడలు వంచాయి. నాకు డైనో అంటే ఇష్టం పుట్టింది ఈ కథ చదివాకే. 2003లో మాజ్డా కూడా ఆర్‌ఎక్స్-8కి చెప్పిన 247ని 238కి దించుకుంది. నచ్చకపోతే కారు వెనక్కి తీసుకుంటామంది.

మన ఎర్రమంచికి దగ్గరి కథ కూడా ఉంది. 2002లో హ్యుందాయ్, కియా రెండూ అమెరికాలో అమ్మిన దాదాపు 13 లక్షల కార్లకి హార్స్‌పవర్ ఎక్కువ చేసి చెప్పామని ఒప్పుకున్నాయి. కేసులు నడిచాయి, ఓనర్లకి పరిహారం ఇచ్చారు. అది వేరే దేశం, వేరే కాలం, ఇక్కడ తయారయ్యే కార్లకి సంబంధం లేదు. కానీ ఈ విషయం తెలిసి ఉండటం మంచిదే.

రివర్స్ కేసులు కూడా ఉన్నాయండోయ్. జపాన్‌లో 1989 నుంచి 2004 దాకా కంపెనీలన్నీ 280 పీఎస్ దాటి ప్రకటించకూడదని తమలో తాము ఒక ఒప్పందం పెట్టుకున్నాయి. నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ బ్రోచర్‌లో 280 అనే ఉంటుంది, డైనో మీద ఎక్కువ వచ్చేది. 2019లో వచ్చిన టొయోటా సూప్రాకి 335 హార్స్‌పవర్ అని చెప్తే, పత్రికల వాళ్ళు డైనో ఎక్కించినప్పుడు చక్రాల దగ్గరే 330 పైన కనపడింది. అక్కడ కంపెనీయే తక్కువ చెప్పింది. 

పెనుకొండకి, గుర్రాలకి పాత బంధం కూడా ఉంది. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగరం రాజధాని ఈ కొండ మీదకే వచ్చింది. అప్పట్లో రాయలు గోవా రేవు నుంచి అరబ్బీ గుర్రాలు కొనేవాళ్ళు. గుర్రం పళ్ళు చూసి, నడిపించి చూసి కొనేవాళ్ళే గానీ, అమ్మేవాడు చెప్పిన వయసు నమ్మి ఎవరూ డబ్బిచ్చి ఉండరు. సరే, కారుకి వద్దాం.

తమ్ముడిని బెంగళూరులో వేరే డైనోకి తీసుకెళ్ళమన్నాను, నేనూ వెళ్ళాను. అమ్మే అతను కూడా వచ్చాడు, మనిషి మంచివాడే, అతన్నీ ఆ షీట్‌తోనే నమ్మించారు పాపం. బుక్ చేసేటప్పుడే చెప్పాం, మూడు రన్‌లు కావాలి, చక్రాల దగ్గర నంబర్ కావాలి, కరెక్షన్ లేని షీట్ ఒకటి, ఉన్నది ఒకటి రెండూ కావాలని. టైర్లలో గాలి కంపెనీ చెప్పినంత పెట్టించాం. గాలి తక్కువున్న టైరు రోలర్ మీద ఎక్కువ పవర్ తినేస్తుంది. బెల్టులు మరీ బిగించినా అంతే, టైరు రోలర్ మీదకి నొక్కుకుపోతుంది. నాలుగో గేర్‌లో తీశారు, కింది గేర్‌లో తీస్తే ఇంజన్, చక్రాలు తమని తాము వేగంగా తిప్పుకోవడానికే కొంత పవర్ ఖర్చయి నంబర్ మారిపోతుంది. వెనక చక్రాలు కదలకుండా ముందువి మాత్రం తిరుగుతుంటే కారు కంప్యూటర్ జారిపోతున్నామనుకుని పవర్ కట్ చేస్తుంది, అందుకని స్టెబిలిటీ కంట్రోల్ ఆఫ్ చేశారు. ముందు పెద్ద ఫ్యాన్.

మొదటి రన్ 127. రెండోది 125. మూడోది 120. కరెక్షన్ లేకుండా, చక్రాల దగ్గర. ఎందుకు తగ్గుతూ వచ్చింది? ఇంటర్‌కూలర్ వేడెక్కింది. వేడి గాలి లోపలికి పోతే ఈసీయూ ఇంజన్ నాక్ అవ్వకుండా స్పార్క్‌ని వెనక్కి జరుపుతుంది, పవర్ తగ్గుతుంది. రోడ్డు మీద ఎదురుగాలి ఉంటుంది కాబట్టి ఇంత పడదు. కానీ ఎండాకాలం, సిటీ ట్రాఫిక్, సిగ్నల్ దాటాక ఒక్కసారిగా తొక్కితే మీకు దొరికేది ఆ మూడో నంబరే. షీట్లు అమ్మేవాళ్ళు ఎప్పుడూ మొదటి రన్‌నే ఫ్రేమ్ కడతారు.

ఇంకోటి గమనించాను. కొత్త షీట్‌లో గీత కొంచెం గరుకుగా, పళ్ళు పళ్ళుగా ఉంది. పాత షీట్‌లో వెన్నపూసలా నునుపు. సాఫ్ట్‌వేర్‌లో స్మూతింగ్ పెంచితే అలా వస్తుంది. ఆ గరుకులోనే రోగాలు దొరుకుతాయి. ఈ కారుకి 4500 దగ్గర ఒక చిన్న గుంట ఉంది, మూడు రన్‌లలోనూ అక్కడే. రీమ్యాప్ చేసినవాడు అక్కడ నాక్‌ని పట్టించుకోలేదని అక్కడి ట్యూనర్ అనుమానం. పెట్రోల్ మార్చి చూస్తే గానీ తేలదు. ఈ గుంట పాత షీట్‌లో చెరిగిపోయింది.

"అన్నా, ఇదంతా ఎందుకు, ఫోన్ యాప్‌లో చూసుకోవచ్చు కదా" అని మీలో సగం మంది అనుకుంటున్నారని తెలుసు. ఓబీడీ డాంగిల్ పెట్టి, యాప్‌లో కారు బరువు కొట్టి, హైవే మీద ఒక్క లాగు లాగితే హార్స్‌పవర్ చెప్తుంది, నిజమే. సూత్రం కూడా కరెక్టే. బరువు, యాక్సిలరేషన్, వేగం. కానీ రోడ్డు ఒక్క డిగ్రీ వాలు ఉందనుకోండి, కంటికి కనపడని వాలు. మనుషులతో కలిపి 1450 కేజీల కారు, గంటకి 100 వేగం దగ్గర ఆ ఒక్క డిగ్రీ వల్లే దాదాపు 9 పీఎస్ తేడా వస్తుంది. మన రీమ్యాప్ మొత్తం పెరుగుదలే 11 నుంచి 17 అని లెక్కేశాం కదా. ఇక ఎదురుగాలి, ఏసీ, ట్యాంకులో పెట్రోల్ బరువు వేరే. పైగా ఇదే ఎన్‌హెచ్ 44 మీద, ఫ్యాక్టరీ షిఫ్ట్ వదిలే టైమ్‌కి, బైకుల మీద పిల్లలు రోడ్డు దాటుతుంటారు, లారీలు పక్కకి లాగి ఆపుతుంటారు. సర్వీస్ రోడ్డులోంచి ట్రాక్టర్ ఎప్పుడు అడ్డం వస్తుందో దేవుడికే తెలియాలి. యాప్‌లో నంబర్ కోసం ఇక్కడ ఎవరైనా తొక్కుతుంటే, వాళ్ళ కారులో మాత్రం ఎక్కకండి.

చివరికి బేరం. నా సలహా ఒకటే, రీమ్యాప్‌ని ప్లస్ కింద లెక్కపెట్టొద్దు. కంపెనీ వారంటీ మిగిలుంటే అది పోయే ప్రమాదం ఉంది, బీమా క్లెయిమ్ రోజున ప్రశ్నలు వస్తాయి, క్లచ్ ఎంత అరిగిందో తెలీదు. పది, పదిహేను గుర్రాల కోసం లక్షన్నర అంటే గుర్రం పదివేల పైనే పడుతోంది. అమ్మే అతను మూడు షీట్లూ చూశాడు. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత లక్షన్నర తీసేస్తానన్నాడు. తమ్ముడు, ఒరిజినల్ మ్యాప్ తిరిగి వేయించి ఇస్తేనే తీసుకుంటానన్నాడు. దానికి ఒప్పుకుంటాడో లేదో ఈ వీడియో ఎడిట్ చేసే సమయానికి ఇంకా ఫోన్ రాలేదు.

వచ్చాక, కారు కొంటే, ఒరిజినల్ మ్యాప్‌తో అదే డైనో మీద మళ్ళీ మూడు రన్‌లు తీసి నాలుగు గీతలూ ఒకే స్క్రీన్ మీద పెడతాను. మీ దగ్గర డైనో షీట్ ఉంటే సీఎఫ్ ఎంతో, లాస్ శాతం ఎంతో, ఏ ఊర్లో తీశారో ఆ మూడూ రాసి పంపండి. వెనక్కి లెక్కేసి చెప్తాను. ఉంటాను మరి.